వంత ఒక్కటే నేర్పిన మాభేలే

ఆ రోజు మాభేలే పాట ఎత్తుగడ మరిచిపోయిందా, కావాలని దాచిందా? పదకొండేళ్ళుగా నోజోలిలేకి ఈ సందేహం తీరలేదు. గురువారం చర్చి ఆడవాళ్ళ ప్రార్థనలో ఎర్ర రవిక తొడుక్కుని, తెల్ల టోపీ పెట్టుకుని మోకాళ్ళ మీద ఉన్నప్పుడు కూడా ఒక్కోసారి అది వచ్చి పక్కన కూచునేది. దేవుణ్ణి అడుగుదామా అంటే, పోయిన అత్తగారి మీద చాడీ చెప్పినట్టవుతుందని ఊరుకునేది.

జరిగింది చూస్తే చిన్న విషయమే. కొమాని టౌను నుంచి జిమాసా అనే చదువుకునే పిల్ల పాటలు పట్టుకునే పెట్టె ఒకటి తీసుకుని ఎన్‌టాబెనీ వచ్చింది. ఈ కొండ ఊళ్ళలో సొరబుర్ర విల్లు వాయిస్తూ పాడే ముసలమ్మలు అప్పటికే వేళ్ళ మీద లెక్కపెట్టేంతమంది. వాళ్ళలో మాభేలే పేరు మొదట చెప్పేవారు. ఆ పిల్ల మూడు వారాలు ఈ ఇంట్లోనే ఉంది. నీళ్ళు మోసింది, పేడ కలిపి నేల అలికింది, మాభేలే తిట్లు తింది. వెళ్ళే రోజున మాభేలే, "సరే, నా పాలు పితికే పాట ఇస్తాను, పట్టుకో" అంది.

ఈ ఊళ్ళో పాటకి రెండు ముక్కలు. ఒకరు ఎత్తుకుంటారు, మిగతావాళ్ళు వంత అందుకుంటారు. ఎవరు కట్టిన పాట వాళ్ళే ఎత్తాలి. వాళ్ళు పోతే ఆ ఇంటి కోడలు ఎత్తాలి. పక్కింటివాళ్ళకి ఎంత బాగా వచ్చినా ఎత్తరు. మాభేలే విల్లు భుజానికి ఆనించి, బుర్ర మూతిని రొమ్ముకి పెట్టి, తీగ మీద గడ్డిపుల్లతో కొట్టింది. పక్కన కూచున్న నోజోలిలే ఎత్తుగడ కోసం చూస్తోంది. మాభేలే దాన్ని వదిలేసి ఏకంగా వంతలోకి దిగింది.

"మేం కాదు, మేం కాదు, మేమిప్పుడే వచ్చాం."

నోజోలిలే ఉలిక్కిపడింది. కానీ కోడలు అత్తని సరిదిద్దకూడదు, అందులోనూ అతిథి ముందు. కొంగు సర్దుకుని తనూ వంత అందుకుంది. తిప్పి తిప్పి అదే పాడారు. పిల్ల పెట్టె మూసుకుని కళ్ళనీళ్ళతో దండం పెట్టి వెళ్ళిపోయింది.

"అత్తయ్యా, ఎత్తుగడ వదిలేశారేం?" అని అడిగింది నోజోలిలే.

మాభేలే చుట్టగొట్టంలో పొగాకు కూరుకుంటూ, "పొయ్యి మీద ఏం మాడుతోందో చూడు" అంది.

అంతే. మళ్ళీ ఆ మాట రాలేదు. రెండేళ్ళకి మాభేలే పోయింది. ఆ రెండేళ్ళలో ఆవిడ నోజోలిలేని తన చచ్చిపోయిన చెల్లెలి పేరుతో పిలిచేది. అందుకని, మరిచిపోయిందేమో అనిపిస్తుంది. కానీ అదే మనిషి, నలభై ఏళ్ళ కిందట ఎవరు గిన్నె తీసుకుని తిరిగివ్వలేదో ఆఖరి రోజు దాకా చెప్పింది. అందుకని, దాచిందేమో అనిపిస్తుంది.

మరిచిపోయి ఉంటే, ఆ పిల్లని పిలిచి ఎత్తుగడ చెప్పకపోవడం నోజోలిలే తప్పు. దాచి ఉంటే, చెప్పడం తప్పు. వంత పాడే ఇరుగింటి ముసలమ్మలిద్దరూ కూడా పోయారు. ఇప్పుడా ఎత్తుగడ తెలిసిన మనిషి భూమ్మీద నోజోలిలే ఒక్కతే. ఆమెకి ఏభైతొమ్మిదేళ్ళు, రక్తపోటు మాత్రలు వాడుతోంది.

ఇలా ఉండగా, జిమాసా శనివారం వస్తున్నానని ఫోన్ చేసింది.

ఆ కబురు విన్న దగ్గర్నుంచి ఆడపడుచు నోమొండే నోరు ఆగలేదు. నోమొండే మాభేలేకి పెద్ద కూతురు. ముప్పై ఏళ్ళు మోంటి పట్నంలో ఎవరింట్లోనో వంటచేసి, తల్లి పోయిన కొన్నేళ్ళకి పుట్టింటికి తిరిగొచ్చింది. తల్లి పాటలో వంత తప్ప ఆమెకి తెలియదు. ఇద్దరూ విధవలే. ఒకే ఇల్లు, ఒకే పొయ్యి, రెండు నోళ్ళు.

"ఏమే, నీ బేరగత్తె వస్తోందట?"

"వదినా, ఏడేళ్ళుగా ఇదే మాట అంటున్నారు. నేనొక్క రాండు ముట్టుకోలేదు."

"డబ్బని నేనన్నానా? బేరగత్తె అన్నాను. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకుంటావేం?"

ఏడేళ్ళ కిందట ఆ పాట రేడియోలో వచ్చింది. పియానో, డోలు, సాక్సోఫోను, వాటి మధ్య జిమాసా గొంతు. "ఎన్‌టాబెనీలో ఒక వృద్ధురాలు పాడిన పాటకి జాజ్ రూపం" అని చెప్పారే గాని మాభేలే పేరు చెప్పలేదు. మోంటిలో వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతున్న నోమొండే కత్తి కింద పెట్టి ఫోన్ చేసింది. "మా అమ్మని ఎంతకమ్మావే?" అదే మొదటి మాట. పుట్టింటికొచ్చి కాపురం పెట్టాక కూడా ఆ ప్రశ్న పెట్టెలో చీరలాగా ఉంచుకుంది. పండక్కీ పబ్బానికీ తీసి కట్టుకుంటుంది.

నోజోలిలే కూడా ఆ రోజు రేడియో విన్నది. ఆమె కోపం వేరు. వంతకీ వంతకీ మధ్య, మాభేలే ఎత్తుకోవలసిన చోట, సాక్సోఫోను పాడింది. ముక్కూ మొహం తెలియని మగవాడెవడో వచ్చి అత్తగారి చాప మీద కాళ్ళు చాపుకుని కూచున్నట్టు అనిపించింది. ఆ పిల్లకి ఎత్తుగడ లేదని తెలుసా? తెలిసే పూడ్చిందా? తెలిస్తే ఎవరు చెప్పారు?

శనివారం పొద్దెక్కాక టాక్సీ వ్యాను కింద రోడ్డు మీద దింపితే, జిమాసా కొండెక్కి వచ్చింది. గేటు బయటే నిలబడి కేకేసింది. తలకి గుడ్డ, భుజాల మీద శాలువా, మడమల దాకా పావడా.

"మర్యాద కూడా పుస్తకం చదివే నేర్చుకున్నట్టుంది, ఒక్క మడత తప్పలేదు" అంది నోమొండే గొంతు తగ్గించకుండానే. తరవాత గట్టిగా, "ఏ వంశం పిల్లవే?"

"మాడ్లోమోని, పెద్దమ్మా."

"మాడ్లోమోలు పాములంత మెత్తగా వస్తారని మా అమ్మ అనేది."

"మా నాయనమ్మ మీ అమ్మగారి వంశం భేలేల గురించి అంతకంటే పెద్ద మాటే అనేది పెద్దమ్మా. లోపలికి రానిస్తే చెబుతాను."

నోమొండే పెదవి చివర వంకర తిరిగింది. నవ్వని ఒప్పుకోదు గాని, నవ్వే.

జిమాసా చాప మీద కాళ్ళు ముడుచుకుని కూచుంది. ఇరవైనాలుగేళ్ళ పిల్లగా వెళ్ళింది, ఇప్పుడు కణతల దగ్గర నెరిసిన జుట్టు. కాలేజీలో పాఠాలు చెబుతుంది, రాత్రుళ్ళు బ్యాండుతో పాడుతుంది. నోజోలిలే టీ, ఆవిరిరొట్టె ముందు పెట్టింది గాని చూపు ఆమె సంచీ మీదే ఉంది.

"ఆ సంచీలో పెట్టె ఉందా?"

"లేదమ్మా. ఫోనూ, ఒక అట్టా, అంతే."

"ఫోను కూడా వింటుందంటారు."

జిమాసా ఫోను తీసి ఇచ్చింది. నోజోలిలే దాన్ని మొక్కజొన్న పిండి డబ్బాలో పెట్టి మూత బిగించింది. అతిథికి చెయ్యవలసిన పని కాదు. చేశాక సిగ్గేసింది. అయినా మూత తియ్యలేదు.

"చేతులూపుకుంటూ వచ్చావేం?" అంది నోమొండే. "కిందటిసారి ఏదో తెచ్చావట."

"ఈసారి ఏం తెచ్చినా మళ్ళీ కొనడానికొచ్చాననుకుంటారని తేలేదు పెద్దమ్మా."

"విన్నావే నోజోలిలే? వట్టి చేతుల్ని కూడా ఎంత ఆలోచించి తెచ్చిందో!"

జిమాసా రొట్టె తుంచింది, తినలేదు. సంచీలోంచి ఒక డిస్కు అట్ట తీసి చూపించింది. వెనకవైపు చిన్న అక్షరాల్లో 'పాట: మాభేలే, ఎన్‌టాబెనీ' అని ఉంది. రేడియో మనిషి అది చదవలేదని చెప్పింది. నోమొండే అట్టని వెలుతురుకి పెట్టి, గోటితో గీకి చూసింది.

"నిన్న అచ్చేయించలేదని ఏమిటి నమ్మకం?"

"అచ్చేసినవి ఇంకా మా అమ్మ మంచం కింద నాలుగు పెట్టెలున్నాయి. దుమ్ము చూస్తే ఏళ్ళు లెక్కపెట్టొచ్చు. ఎవరూ కొనలేదు పెద్దమ్మా."

"ఎవరూ కొనలేదా?" నోమొండేకి తల్లి పాట అమ్ముడుపోయిందన్న కోపం పోయి, అమ్ముడుపోలేదన్న కోపం వచ్చింది. "మా అమ్మ పాటని ఎవరూ కొనలేదా?"

"మరెందుకొచ్చావమ్మా?" అని అడిగింది నోజోలిలే.

జిమాసా చెయ్యి తుడుచుకుంది. "పాటలో ఏదో తప్పుందని తెలిసింది. అదేమిటో అడగడానికి వచ్చాను."

నోజోలిలే వంచుతున్న టీ కప్పు దాటి పొర్లింది. మొహం మాత్రం మొహంలాగే ఉంచింది.

జిమాసా చెప్పింది. పోయిన శీతాకాలంలో నది అవతలి జిల్లాలో ఒక హాల్లో పాడిందట. ముందు వరసలో ముసలమ్మలు. సాక్సోఫోను వాయించే అతనికి ఆ రోజు జ్వరం, రాలేదు. సరే, అతని చోటు ఖాళీగా వదిలి పాడదామనుకున్నారు. వంత అవగానే ముసలమ్మలు చప్పట్లు సన్నగా తగ్గించి, తలలు తిప్పి, వేదిక పక్కనున్న తలుపు వైపు చూశారట. ఒకసారి కాదు, వంత అయిన ప్రతిసారీ. పాట అయ్యాక వాళ్ళలో ఒకావిడ దగ్గరికొచ్చి, ఎంతో జాలిగా అడిగింది: "బిడ్డా, ఎత్తే మనిషి ఇవాళ రాలేదా?"

"నేను పుస్తకం రాశానమ్మా. అందులో ఈ పాట మీద ఒక అధ్యాయం. మగవాళ్ళు గనులకి పోయిన ఈ ఊళ్ళలో ఆడవాళ్ళు ఎవరి పెత్తనం లేకుండా సమానంగా పాడతారు, మాభేలే పాటలో అందుకే ఎత్తుగడ లేదు, అందరిదీ వంతే అని రాశాను. పండితులు మెచ్చుకున్నారు. దాని మీదే నాకు పట్టా ఇచ్చారు."

నోమొండే ఒక్క క్షణం నోరు తెరుచుకుని చూసింది. తరవాత నవ్వడం మొదలుపెట్టింది. శాలువా జారిపోయింది, దగ్గొచ్చింది, అయినా నవ్వు ఆగలేదు.

"పెత్తనం లేకుండానా! మా అమ్మా! ఓసి పిచ్చిదానా, మా అమ్మ ఊపిరి పీల్చుకున్నా ఎవరికో పని పురమాయించినట్టుండేది. కోళ్ళు కూడా ఆవిణ్ణి అడిగే గుడ్లు పెట్టేవి!"

జిమాసా కూడా నవ్వింది, కానీ తల ఎత్తలేదు. "నాకు తెలుసు పెద్దమ్మా. మూడు వారాలు ఆవిడ దగ్గర నీళ్ళు మోసి కూడా అలా రాశాను. కళ్ళతో చూసింది వదిలేసి పెట్టెలో ఉన్నది నమ్మాను. తప్పు రాశానని మళ్ళీ రాస్తాను. ఎత్తుగడ ఉందా లేదా, అదొక్కటి చెప్పండి చాలు. చెప్పకపోయినా, తప్పని మాత్రం రాస్తాను."

నోజోలిలే పొర్లిన టీ గుడ్డతో తుడిచింది. మంచి మాటలే. కానీ మంచి మాటలతోనే గదా తలుపులు తెరిపిస్తారు. తప్పు ఒప్పుకున్న మనిషికి మనం కాదనలేం. అది తెలిసే ఒప్పుకుంటోందేమో. "చెప్పకపోయినా" అన్నది చూడు, అది ఎంత పెద్ద ఎరో.

"పాడు" అంది.

"ఇప్పుడా?"

"ఇప్పుడే. నీ పియానోలు లేకుండా."

జిమాసా కళ్ళు మూసుకుని, అరచేతులు బోలుగా పెట్టి చప్పట్లు కొట్టింది. గొంతు అడుగునుంచి రాయి రాయి రాచుకున్నట్టు ఒక స్వరం, దాని మీద సన్నగా ఈలలాంటిది ఇంకొకటి, ఒకే గొంతులోంచి రెండు. మాభేలే అలాగే పాడేది. మేం కాదు, మేం కాదు, మేమిప్పుడే వచ్చాం. తరవాత ఆగింది. చప్పట్లు నడుస్తున్నాయి, గొంతు లేదు. ఖాళీ. మళ్ళీ వంత. మళ్ళీ ఖాళీ. దాన్ని దేనితోనూ పూడ్చలేదు.

మూడో ఖాళీలో నోజోలిలే గొంతు తనంతట తనే కదిలింది. పళ్ళు బిగించి ఆపుకుంది. లేచి, "మేకలకి నీళ్ళు పెట్టాలి" అని బయటికి వెళ్ళిపోయింది.

మేకలకి నీళ్ళు పొద్దున్నే పెట్టింది. తొట్టి నిండుగా ఉంది. దాని అంచు పట్టుకుని నిలబడింది. చెప్తే అత్తమాట దాటినట్టా? చెప్పకపోతే పాట తనతోటే మట్టిలోకి. చర్చిలో పాదిరిగారు విల్లు పాటలు అన్యుల పాటలంటారు, అవి పోతే పోనీ అంటారు. చర్చిలో తాళం కోసం తోలు దిండు మీద గుద్దుతూ పాడితే భక్తి, ఇంట్లో తీగ మీద పుల్లతో కొడితే పాపం ఎలా అవుతుందో ఆమెకి ఎప్పుడూ అర్థం కాలేదు. అడగలేదు కూడా. అడగనివి చాలా ఉన్నాయి.

ఆ పిల్ల కిందటిసారి ఏదో తెచ్చిందని నోమొండే అన్నది గుర్తొచ్చింది. నోమొండే అప్పుడు ఊళ్ళో లేదు, ఆమెకి తెలీదు. తెచ్చింది దుప్పటి. దళసరి ఉన్ని దుప్పటి, నల్ల అంచుది. నేర్పేవాళ్ళ దగ్గరికి వట్టి చేతులతో వెళ్ళకూడదని వాళ్ళ నాయనమ్మ కొనిచ్చిందట. మాభేలే దాన్ని విప్పి, అంచులు లాగి చూసి, కప్పుకుని, "దీనికి తగ్గ పాట ఇస్తాను" అంది. నోజోలిలే చెవులారా విన్నది. రెండు శీతాకాలాలు అదే కప్పుకుంది. పోయినప్పుడు దాంట్లోనే చుట్టి పాతిపెట్టారు. చుట్టింది నోజోలిలేనే.

తీసుకున్న దుప్పటి సగం కాదు గదా, అనుకుంది. మరిచిపోయినా దాచినా దుప్పటి నిండుదే. చేతిలో వేరే తూనికా, సంచీలో వేరే తూనికా ఉంచుకోవద్దని ప్రతి ఏడూ కోతల పండక్కి చర్చిలో చదువుతారు. చదివేటప్పుడు సంతలో కోమటివాళ్ళ గురించనుకుంటాం. అత్తయ్య ఎందుకలా చేసిందో అత్తయ్యకీ దేవుడికీ తెలుసు. అది వాళ్ళిద్దరి సంగతి. కానీ మాట ఇచ్చింది ఈ ఇల్లు. ఈ ఇంట్లో ఇప్పుడు పాట ఎత్తవలసింది తను.

ఈ పిల్ల మంచిదో కాదో అప్పటికీ ఆమెకి తేలలేదు. తేలకపోయినా బాకీ బాకీయే గదా అనుకుంది. లోపలికి నడిచింది.

లోపల నోమొండే, జిమాసా తినకుండా వదిలేసిన రొట్టె తను తింటోంది.

"మేకలు బాగున్నాయా?"

"బాగున్నాయి వదినా." నోజోలిలే చాప మీద జిమాసాకి ఎదురుగా కూచుంది. "వంత ఆపకు. నేనెప్పుడు ఎత్తినా ఆపకు."

చప్పట్లు మొదలయ్యాయి. వంత వచ్చింది, వెళ్ళింది. ఖాళీ రాగానే నోజోలిలే గొంతెత్తింది. ఈ పాటకి పదకొండేళ్ళుగా వాడని గొంతు, మొదట తుప్పుపట్టిన గడియలాగా కిర్రుమంది.

"నోజోలిలే, ఓ నోజోలిలే, దూడ తాడు విప్పిందెవరే? ముంతలో నురగ కూడా మిగల్లేదే!"

మేం కాదు, మేం కాదు, మేమిప్పుడే వచ్చాం.

జిమాసా కళ్ళు తెరిచింది. నోమొండే చేతిలో రొట్టె ఆగిపోయింది.

"ఇది నీ మీద కట్టిందా?"

"పెళ్ళయిన కొత్తలో దూడని కట్టెయ్యడం మరిచిపోయాను. పాలన్నీ తాగేసింది. ఆ సాయంత్రమే కట్టింది ఆ పాట. ఆవులున్నన్నాళ్ళూ నన్ను చూస్తూ పాడింది."

"ఎవరూ నిన్ను వెనకేసుకురాలేదు!" నోమొండే మళ్ళీ నవ్వబోయింది. సగంలో ఆగింది. "అయితే… పరాయి పిల్ల పెట్టెలోకి ఇంటి కోడలి పేరు ఎక్కించడం ఇష్టంలేక వదిలేసిందేమోనే మా అమ్మ."

"అత్తయ్యా? నా పరువు కోసమా?" నోజోలిలే తల అడ్డంగా ఊపింది. "చర్చిలో అందరి ముందూ నా రొట్టె గోడలకి పనికొస్తుందన్న మనిషి."

"మనవాళ్ళ ముందు తిట్టడం వేరు. ఊరవతలకి పంపడం వేరు."

నోజోలిలే ఇన్నాళ్ళూ అత్తయ్య మరిచిపోయిందా, దాచిందా అని రెండే అనుకుంటూ వచ్చింది. ఇప్పుడు ఇది మూడోది. దీన్ని నమ్మాలని ఉంది, అందుకే నమ్మడానికి భయమేసింది. మనకి నచ్చిన మాట మీదే ఎక్కువ అనుమానపడాలి.

"అమ్మా," అంది జిమాసా నెమ్మదిగా, "నేను పాడేటప్పుడు మీ పేరు తీసేసి, ఊరికే 'ఓ కోడలా' అని పెడితే? ఎక్కడెక్కడో పాడతాను. దూడని వదిలేసిన మనిషిగా మీరు…"

నోజోలిలే కాసేపు తన చేతులకేసి చూసుకుంది. మోంటిలో, కొమానిలో, రేడియోలో, చర్చి ఆడవాళ్ళందరూ వింటుండగా, తన పేరు, తన దూడ, తన మతిమరుపు. గురువారం ప్రార్థనలో ఎవరు ఏమని వెక్కిరిస్తారో ఆమెకి అప్పుడే వినిపించింది.

"తీసేస్తే మళ్ళీ సగమే ఇచ్చినట్టు. నువ్వు నిండు దుప్పటి ఇచ్చావు. పేరుతోనే పాడు."

"పాడితే నువ్వెక్కడ పాడావో నాకు ఉత్తరం రాయాలి" అంది నోమొండే. "ఎవరు నవ్వారో కూడా."

జిమాసాకి ఎత్తుగడ ఎక్కడ అందుకోవాలో వెంటనే పట్టుబడలేదు. వంత పూర్తయ్యేదాకా ఆగేది. నోజోలిలే ఆమె మోకాలి మీద చరిచి, "ఆగకు! పితికేటప్పుడు పాలు ఆగుతాయా? వాళ్ళు 'వచ్చాం' అనేలోపే నువ్వు తగులుకోవాలి. నేరం మోపేవాళ్ళు అవతలివాళ్ళని పూర్తిగా చెప్పనిస్తారా?" అంది. నోమొండే, ఎవరూ పిలవకుండానే, వంతలో కలిసింది. తల్లి గొంతే ఆమెది, కాస్త బొంగురు.

రెండుసార్లు తప్పింది. మూడోసారి జిమాసా సరిగ్గా, వంత తోక మీద కాలేసినట్టు ఎత్తుకుంది. నోజోలిలే సరిదిద్దలేదు. వంత మాత్రం అందుకుంది: మేం కాదు, మేం కాదు, మేమిప్పుడే వచ్చాం.

పాట ఆగాక చెంగుతో మొహం తుడుచుకుని, "అత్తయ్య దుప్పటి తీసుకున్నందుకు నీకివ్వాల్సింది ఇది" అంది. "ఇప్పుడు ముట్టింది."

"ముట్టిందమ్మా" అంది జిమాసా.